దెబ్బ తగిలింది ఎన్నింటికి?

జనరల్ సర్జరీ, ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీల్లో ఏటా ఎవరో ఒకరు థీసిస్‌కి కడుపు గాయాల టాపిక్ తీసుకుంటారు. కేసులకు కొదవ లేదు. బైక్ హ్యాండిల్ పొట్టలో దిగినవాళ్లు, ట్రాక్టర్ తిరగబడి కింద ఇరుక్కున్నవాళ్లు, ఎద్దు పొడిచినవాళ్లు, తాటిచెట్టు మీంచి జారిపడ్డ గీత కార్మికులు వస్తూనే ఉంటారు. ప్రొఫార్మా, అంటే ఒక్కో కేసు వివరాలు నింపే ఫారం, సీనియర్ల నుంచి జూనియర్లకు దిగుతుంది: వయసు, దెబ్బ రకం, బీపీ, నాడి, హిమోగ్లోబిన్, ఫాస్ట్ స్కాన్ (కడుపులో రక్తం చేరిందేమో గబగబా చూసే అల్ట్రాసౌండ్), సీటీలో గ్రేడు (అవయవానికి ఎంత దెబ్బో చెప్పే అంకె), ఆపరేషన్, ఫలితం. అందులో "దెబ్బ తగిలిన సమయం" అని ఒక గడి ఉంటుంది. నింపిన షీట్లు తిరగేస్తే తరచూ ఖాళీగా కనబడేది ఆ గడే. ఖాళీ కాకపోతే "ఉదయం" అనో, "నిన్న రాత్రి" అనో ఉంటుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, అడ్మిషన్ టైమే తెచ్చి అక్కడ కూడా వేసేస్తారు.

ఈ పోస్టు ఆ ఒక్క గడి గురించే. సీటీ గ్రేడు కంటే ముందు సరిగ్గా పట్టుకోవాల్సింది దాన్నే అని నా అభిప్రాయం. దీనికి ఈ రంగంలో వచ్చిన పెద్ద ట్రయల్సే సాక్ష్యం.

క్రాష్-2 అనే ట్రయల్‌తో మొదలుపెడదాం. గాయమై రక్తం పోతున్నవాళ్లకి ట్రానెక్సామిక్ యాసిడ్ (కట్టిన రక్తపు గడ్డ కరిగిపోకుండా ఆపే మందు) ఇస్తే చావులు తగ్గుతాయా అన్నది ప్రశ్న. 2005లో మొదలైంది, 2010లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. 40 దేశాలు, 274 ఆసుపత్రులు, 20,211 మంది. దేశాలవారీగా చూస్తే చేరినవాళ్లలో ఎక్కువమంది మన దేశం వాళ్లే. చేర్చుకునే షరతులు క్యాజువాలిటీ గుమ్మంలో నిలబడి తేల్చగలిగినవి: పై బీపీ 90 కంటే తక్కువ, లేదా నాడి 110 కంటే ఎక్కువ, లేదా బాగా రక్తం పోయే ప్రమాదం ఉందని డాక్టర్‌కి అనిపించడం. దెబ్బ తగిలి 8 గంటలు దాటకూడదు. ల్యాబ్ రిపోర్టు అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. నంబరు వేసిన అట్టపెట్టెలో మందు గానీ ఉత్తుత్తి మందు గానీ ఉన్న ఆంప్యూల్స్ నాలుగు, 100 మి.లీ. సెలైన్ ఒకటి. పెట్టె తియ్యి, ఎక్కించు, ఫలితం ఒక చిన్న ఫారంలో రాయి, అంతే. ఎమర్జెన్సీలో ట్రయల్ ఎలా కట్టాలో నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి నమూనా నాకు తెలీదు.

ఫలితం: నాలుగు వారాల్లోపు ఆసుపత్రిలో చనిపోయినవాళ్లు ఉత్తుత్తి మందు గ్రూపులో 16.0 శాతం, ట్రానెక్సామిక్ గ్రూపులో 14.5 శాతం. రక్తనాళాల్లో గడ్డలు కట్టడం పెరగలేదు. చాలామంది ఇంతవరకే చదివి ఆపేస్తారు. అసలు సంగతి మరుసటి ఏడాది, 2011లో వచ్చిన రెండో విశ్లేషణలో ఉంది. అందులో రక్తస్రావం వల్లే పోయినవాళ్లని మాత్రమే తీసుకుని, దెబ్బ తగిలాక మందు ఎప్పుడు పడిందో చూశారు. గంటలోపు పడితే చావులు 7.7 శాతం నుంచి 5.3కి తగ్గాయి. గంట నుంచి మూడు గంటల మధ్య పడితే 6.1 నుంచి 4.8కి. మూడు గంటలు దాటాక పడితే 3.1 నుంచి 4.4కి పెరిగాయి. అవే ఆంప్యూల్స్, అదే డోసు. మారింది గడియారం ఒక్కటే.

2018లో ఇంకో అడుగు ముందుకెళ్లారు. క్రాష్-2తో పాటు కాన్పు తర్వాతి రక్తస్రావం మీద చేసిన ఉమన్ ట్రయల్‌నీ కలిపి, మొత్తం 40,138 మంది డేటా చూస్తే, మొదటి డోసు పడటం ప్రతి 15 నిమిషాలు ఆలస్యమయ్యేకొద్దీ మందు వల్ల వచ్చే లాభం సుమారు 10 శాతం చొప్పున తరిగిపోయింది. మూడు గంటలకి ఇక ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు మన షీట్ దగ్గరికి రండి. దెబ్బ తగిలి 3 గంటల 40 నిమిషాలైన మనిషికి "2 గంటల క్రితం" అని రాశామనుకోండి. వార్డులో అయితే ఇవ్వకూడని మందు ఇస్తాం. రీసెర్చ్‌లో అయితే నష్టపోయిన మనిషిని లాభపడాల్సిన గ్రూపులో కూర్చోబెడతాం. ఇలాంటివి ఓ పాతిక పోగైతే, తొందరగా ఇచ్చినా ఆలస్యంగా ఇచ్చినా తేడా లేదని మన టేబుల్ చెబుతుంది. తేడా లేక కాదు, గడి తప్పు కాబట్టి.

డోసు గురించి నాలుగు మాటలు, ఎందుకంటే ఇక్కడ కూడా జారిపోయేది టైమే. మన దగ్గర దొరికే ఆంప్యూల్‌లో 5 మి.లీ.కి 500 మి.గ్రా. ఉంటుంది. మొదటి డోసు 1 గ్రాము, అంటే రెండు ఆంప్యూల్స్, 100 మి.లీ. సెలైన్‌లో కలిపి 10 నిమిషాల్లో వెళ్లాలి. మి.లీ.కి 20 చుక్కలు పడే సెట్‌తో లెక్కేస్తే నిమిషానికి 200 చుక్కలు; అవి ఎవరూ లెక్కపెట్టలేరు కాబట్టి మంచి క్యాన్యులా, 18 గేజ్ కంటే సన్నం కాకుండా పెట్టి, క్లాంప్ పూర్తిగా వదిలి వాచీ చూసుకోవడమే. సిరంజితో నేరుగా ఇస్తే నిమిషానికి 1 మి.లీ. చొప్పున. గబుక్కున తోసేస్తే బీపీ పడిపోతుంది, దాన్ని రక్తస్రావం వల్ల అనుకుని తప్పుదారి పడతాం. రెండో గ్రాము 8 గంటల మీద: 500 మి.లీ. సెలైన్‌లో కలిపితే గంటకు 62 మి.లీ. చిల్లర, అదే 20 చుక్కల సెట్‌తో నిమిషానికి 21 చుక్కలు. రక్తం ఎక్కే లైన్‌లో దీన్ని కలపకూడదు.

రెండో గ్రాము పోయేది ఎక్కడో తెలుసా? పేషెంట్‌ని ట్రాలీ మీద ఓటీకి (ఆపరేషన్ థియేటర్‌కి) తీసుకెళ్లేటప్పుడు. ఆ సీసా స్టాండుకి క్యాజువాలిటీలోనే వేలాడుతూ ఉండిపోతుంది. కేసు షీట్‌లో మాత్రం "ఇంజెక్షన్ ట్రానెక్సా 1 గ్రా. + 1 గ్రా." అని రెండూ రాసి ఉంటాయి. కాబట్టి థీసిస్‌కి "ఆర్డర్ చేశారా" అన్నది కాదు, "మొదలైన టైము, అయిపోయిన టైము" అని రెండు గళ్లు పెట్టుకోండి. రెండోది ఖాళీ ఉంటే డోసు పూర్తి కానట్టే లెక్క.

ఇంకో జాగ్రత్త. ఈ ఆంప్యూల్‌ని మత్తు ట్రాలీ మీద బుపివకెయిన్ (వెన్నులోకి ఇచ్చే మత్తుమందు) పక్కన ఎప్పుడూ పెట్టకండి. చూడటానికి ఒకేలా ఉండే ఆంప్యూల్స్ వల్ల వెన్నులోకి ట్రానెక్సామిక్ ఎక్కించేసిన ఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. ఫిట్స్ వచ్చి, గుండె లయ తప్పి చాలామంది ప్రాణాలే పోయాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది.

ఈ మందు పనిచేసింది గాయానికి కదా అని అన్ని కడుపు రక్తస్రావాలకూ పాకించడం కూడా కుదరలేదు. జీర్ణాశయం, పేగుల లోపల రక్తం పోయేవాళ్ల మీద చేసిన హాల్ట్-ఇట్ ట్రయల్ 2020లో వచ్చింది. 12,009 మంది. చావుల్లో తేడా లేదు, పైగా సిరల్లో గడ్డలు 0.4 శాతం నుంచి 0.8కి పెరిగాయి, ఫిట్స్ కూడా కాస్త పెరిగాయి. అక్కడ డోసు వేరు, రోజు మొత్తం మీద 4 గ్రాములు. పైగా అల్సర్‌లోంచో అన్నవాహిక సిరల్లోంచో రక్తం ఎప్పుడు మొదలైందో పేషెంట్‌కి కూడా తెలీదు. నల్లటి విరేచనం కనబడింది ఇవాళే కావచ్చు, లోపల నిన్నటి నుంచే కారుతూ ఉండొచ్చు.

సరే, దెబ్బ తగిలిన సమయం ఎలా పట్టుకోవాలి?

మొదటి సాక్షి పేషెంట్ కాదు, వెంట వచ్చిన మనిషి సెల్‌ఫోన్. యాక్సిడెంట్ చూసినవాళ్లు గానీ పేషెంట్ గానీ చేసే మొదటి పని ఎవరికో ఫోన్ చేయడం. "ఎన్నింటికి జరిగింది" అని అడిగితే "ఓ గంటయిందేమో సార్" అంటారు. "మీకు ఫోన్ ఎన్నింటికి వచ్చింది, ఓసారి కాల్ లిస్ట్ తీయండి" అంటే నిమిషంతో సహా చెబుతారు. దాంట్లోంచి రెండు మూడు నిమిషాలు వెనక్కి వెళ్తే చాలు. రెండో సాక్షి 108. కాల్ అందుకున్న టైము, అక్కడికి చేరిన టైము వాళ్ల రికార్డులో ఉంటాయి. అంబులెన్స్ సిబ్బంది వెళ్లిపోకముందే అడిగి రాసుకోవాలి, తర్వాత వెతుక్కోవడం మన వల్ల కాదు. మూడోది రెఫర్ చేసిన ఆసుపత్రి చీటీ. అందులో ఉండేది వాళ్ల దగ్గరికి వచ్చిన టైమో, పంపిన టైమో; దెబ్బ టైము మాత్రం సాధారణంగా ఉండదు. పోలీసు కాగితాల్లో ఉండే టైము ఫిర్యాదు అందిన సమయం కావచ్చు, ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసుల) రిజిస్టర్‌లో ఉండేది మనం రాసిన సమయం. ఈ రెంటినీ దెబ్బ సమయంగా తీసుకుంటే పని చెడినట్టే.

ఎవరూ చూడని యాక్సిడెంట్లు కూడా ఉంటాయి. రాత్రి పొలం నుంచి బండి మీద బయల్దేరాడు, తెల్లారి కాలవ గట్టు మీద కనిపించాడు. అప్పుడు ఒక అంకె ఊహించి రాయొద్దు. రెండు గళ్లు పెట్టండి: చివరిసారి బాగా ఉన్నప్పుడు చూసిన సమయం, దెబ్బతో కనిపించిన సమయం. ఎప్పుడో జరిగింది ఆ మధ్యలోనే. విశ్లేషణలో ఒకసారి ముందు కొసతో, ఇంకోసారి చివరి కొసతో లెక్కేసి చూడాలి. ఫలితం రెండు సార్లూ ఒకే వైపు మొగ్గితే నమ్మొచ్చు. మందు ఇవ్వాలా వద్దా అన్న చోట అయితే ముందు కొసనే పట్టుకోవడం నయం: బాగా ఉన్నాడని చూసిన సమయం నుంచే లెక్కపెట్టినా మూడు గంటలు దాటలేదంటే నిస్సందేహంగా ఇవ్వొచ్చు.

దీంతో పాటు ఇంకో చిన్న గడి: "కచ్చితం / అంచనా / తెలీదు". ఈ ఒక్క టిక్కు ఉంటే చివర్లో అంచనా కేసులు తీసేసి లెక్క మళ్లీ చేసుకోవచ్చు. లేకపోతే అన్నీ ఒకే ముద్ద.

మన వాళ్లు టైము చెప్పే తీరులో ఒక ప్రమాదం ఉంది. "సోమవారం రాత్రి ఒంటిగంటకి" అంటే చెప్పేవాళ్ల దృష్టిలో సోమవారమే. క్యాలెండర్‌లో అది మంగళవారం 01:00. తేదీ సోమవారమే వేస్తే దెబ్బ ఒక రోజు వెనక్కి పోతుంది. 12 గంటల పద్ధతిలో "12:30" అని రాస్తే పగలా రాత్రా చెప్పలేం. కాబట్టి 24 గంటల పద్ధతి తప్ప ఇంకోటి రాయనివ్వకండి. ఎక్సెల్‌లో తేదీ ఒక కాలమ్, టైము ఒక కాలమ్ అని విడదీయకుండా రెండూ ఒకే గడిలో పెట్టండి. విడదీస్తే అర్ధరాత్రి దాటిన కేసులన్నీ మైనస్‌లో వస్తాయి. దాన్ని సరిచేయడానికి కొందరు వాడే మాడ్ ఫార్ములా (మైనస్ వస్తే ఒక రోజు కలిపేసేది) మైనస్‌ని దాచేస్తుంది గానీ తేదీ తప్పుని దిద్దదు, తప్పు కనబడకుండా చేస్తుంది. మైనస్ రావడమే మంచిది, వెళ్లి కేసు షీట్ తీసి చూస్తాం.

గడియారాలు కూడా ఒకదానితో ఒకటి కలవవు. సీటీ కన్సోల్, అల్ట్రాసౌండ్ మెషీన్, క్యాజువాలిటీ గోడ గడియారం, ఓటీ గడియారం — నాలుగూ నాలుగు టైములు చూపిస్తాయి. వారానికి ఒకసారి సెల్‌ఫోన్ టైముతో పోల్చి తేడా ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. సీటీ 11 నిమిషాలు వెనకుంటే సీటీ టైములన్నిటికీ 11 కలపండి. ఓటీలో ఇంకో చిక్కు: రిజిస్టర్‌లో ఉండేది ఎక్కువగా పేషెంట్‌ని లోపలికి తీసుకున్న టైము. చర్మం మీద కత్తి పడ్డ టైము మత్తు చార్టులో ఉంటుంది. మనకి కావలసింది రెండోది.

ఇక కడుపు సంగతి. కడుపు గాయాల్లో రెండు గడియారాలు నడుస్తాయి, ఒకటి రక్తానిది, ఒకటి పేగుది. రెండూ ఒకే వేగంతో నడవవు.

రక్తం గడియారానికి నిమిషాలే లెక్క. 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియా ట్రామా రిజిస్ట్రీ నుంచి వచ్చిన ఒక అధ్యయనం ఉంది. బీపీ పడిపోయి, కడుపులో రక్తస్రావానికి ఆపరేషన్ అవసరమైన 243 మందిని చూశారు. ఎమర్జెన్సీ గదిలో గడిపే ప్రతి 3 నిమిషాలకీ చనిపోయే అవకాశం సుమారు 1 శాతం చొప్పున పెరిగింది. ఈ లెక్క 90 నిమిషాల లోపు ఉన్నవాళ్లకే. గంటన్నర దాటినా క్యాజువాలిటీలో బతికి ఉన్నవాడి రక్తస్రావం అసలు ఆ తరహాది కాదు కాబట్టి, వాళ్లని కూడా కలిపేస్తే ఆలస్యం మంచిదన్నట్టు కనబడుతుంది.

ఫాస్ట్ స్కాన్‌కి టైము రాయకపోతే దానికి అర్థమే లేదు. కాలేయం–కిడ్నీ మధ్య మోరిసన్ పౌచ్, స్ప్లీన్–కిడ్నీ మధ్య, కటి భాగం, గుండె చుట్టూ: ఈ నాలుగు చోట్ల నల్లటి పట్టీ కోసం చూస్తాం. 1995లో ఒక అధ్యయనంలో కడుపులోకి లావేజ్ (కడిగి చూసే పరీక్ష) ద్రవం కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, స్కాన్ చేసేవాళ్లకి ఎంత ఎక్కిందో చెప్పకుండా మోరిసన్ పౌచ్ చూడమన్నారు. ద్రవం కనబడటానికి సగటున 619 మి.లీ. పట్టింది. 400 మి.లీ. లోపే పట్టుకోగలిగింది పది మందిలో ఒకరే. అంటే దెబ్బ తగిలిన 20 నిమిషాలకి చేసిన "ఫాస్ట్ నెగెటివ్" అంటే ఆ క్షణానికి అర లీటరు చేరలేదని మాత్రమే. అదే మనిషికి రెండు గంటల తర్వాత నెగెటివ్ వస్తే దాని విలువ వేరు. మంచం తల వైపు కొంచెం దించి, కాలేయం కింది కొస దగ్గర కూడా చూసి, అరగంట తర్వాత మళ్లీ చేయండి. ప్రతిసారీ టైము వేయండి. కటి ఎముకలు విరిగి వెనక వైపు రక్తం చేరితే ఇది పట్టదు, పేగు చిల్లు పడితే తొలి గంటల్లో అసలే పట్టదు.

పేగు గడియారం గంటల్లో నడుస్తుంది. స్టీరింగో హ్యాండిలో తగిలి చిన్నపేగుకి చిల్లు పడినా, మొదటి కొన్ని గంటలు కడుపు మెత్తగానే ఉండొచ్చు. సీటీలో గాలి కనబడకపోవచ్చు. పేగుల మధ్య కాస్త ద్రవం, కాలేయానికో స్ప్లీన్‌కో దెబ్బ లేకుండా ఉత్త ద్రవం, పేగు గోడ కొంచెం మందం — ఇంతే దొరుకుతుంది. 2000లో అనేక ట్రామా సెంటర్ల నుంచి 198 మంది చిన్నపేగు గాయాల మీద వచ్చిన విశ్లేషణ చూడండి. 8 గంటల్లోపు ఆపరేషన్ అయినవాళ్లలో చావులు 2 శాతం, 8 నుంచి 16 గంటల మధ్య 9.1, 16 నుంచి 24 మధ్య 16.7, 24 దాటితే 30.8. మన దగ్గర పీహెచ్‌సీ, ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, బోధనాసుపత్రి అని మెట్లు ఎక్కుతూ వచ్చే పేషెంట్‌కి 8 గంటలు దారిలోనే ఖర్చయిపోతాయి. మన దగ్గరికి వచ్చి రెండు గంటలే అయిందని ధీమాగా అబ్జర్వేషన్‌లో పెడతాం. కడుపుని మళ్లీ మళ్లీ చూసే సీరియల్ పరీక్షలు మన అడ్మిషన్ నుంచి కాకుండా దెబ్బ సమయం నుంచి లెక్కపెడితే ఆ ధీమా ఉండదు.

ఇప్పుడు డేటా అంతా వచ్చాక జరిగే తప్పు. థీసిస్‌లో ఈ టేబుల్ మళ్లీ మళ్లీ కనబడుతుంది: "2 గంటల్లోపు ఆపరేషన్ చేసినవాళ్లలో మరణాలు ఎక్కువ, 6 గంటల తర్వాత చేసినవాళ్లలో తక్కువ." దాని కింద వాక్యం: "తొందరపాటు ఆపరేషన్ ప్రయోజనకరం కాదు." అయ్యా, బీపీ లేకుండా వచ్చినవాణ్ని పరుగున ఓటీకి తీసుకెళ్తాం, కుదురుగా ఉన్నవాణ్ని సీటీకి పంపిస్తాం. చావులు ఎక్కువ ఉన్నది తొందరగా చేయడం వల్ల కాదు, చావు దగ్గర ఉన్నవాడికే తొందరగా చేయడం వల్ల. దీన్ని కొంతైనా సరిచేయాలంటే వచ్చినప్పుడు పై బీపీ 90 లోపు ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ మొదట విడగొట్టి, ఒక్కో గుంపులో విడిగా టైము చూడాలి. గాయం తీవ్రత స్కోరు కూడా కలపాలి.

ఇంతకంటే లోతుగా దాక్కునే తప్పు ఇంకోటి ఉంది. 2007లో బాగ్దాద్‌లోని అమెరికా సైనిక ఆసుపత్రి నుంచి 246 మంది డేటా వచ్చింది. భారీగా రక్తం ఎక్కించినవాళ్లలో, ఎర్రకణాలతో పోలిస్తే ప్లాస్మా నిష్పత్తి తక్కువ ఉన్న గ్రూపులో 65 శాతం పోయారు, మధ్యస్థంగా ఉన్న గ్రూపులో 34, ఎక్కువ ఉన్న గ్రూపులో 19. ప్రపంచమంతా ఒకటికి ఒకటి ప్లాస్మా వైపు తిరిగింది. కానీ ఆలోచించండి: ఎర్రకణాల సంచి ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే ఎక్కుతుంది. గడ్డకట్టిన ప్లాస్మా 37 డిగ్రీల నీళ్లలో కరగడానికే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ అరగంటలో పోయినవాడు ప్లాస్మా అందకుండానే పోయాడు, కాబట్టి "తక్కువ నిష్పత్తి" గ్రూపులో పడ్డాడు. బతికి ఉన్నవాడికే ప్లాస్మా అందింది. ప్లాస్మా వల్ల బతికాడా, బతికాడు కాబట్టి ప్లాస్మా అందిందా? ఆ డేటాతో తేల్చలేం.

తేల్చడానికి 2015లో ప్రాపర్ ట్రయల్ రావలసి వచ్చింది. అమెరికాలో 12 సెంటర్లు, 680 మంది. వాళ్లు చేసిన అసలు పని నిష్పత్తి కంటే టైము మీద: బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసిన 10 నిమిషాల్లోపు కరిగించిన ప్లాస్మాతో సహా పెట్టె పేషెంట్ పక్కన ఉండాలి. అంటే రెండు గ్రూపుల్లోనూ గడియారం ఒకేసారి మొదలైంది. 24 గంటల చావులు ప్లాస్మా, ప్లేట్‌లెట్లు, ఎర్రకణాలు ఒకటికొకటి అందిన గ్రూపులో 12.7 శాతం, ఎర్రకణాలు రెట్టింపు ఉన్న గ్రూపులో 17.0, 30 రోజులకి 22.4, 26.1. గణాంకాల ప్రకారం ఈ రెండు తేడాలూ నిలబడలేదు. రక్తం ఓడి మొదటి రోజే పోయినవాళ్లు మాత్రం 9.2, 14.6, ఈ తేడా నిలబడింది. దిశ పాతదే, కానీ 65కి 19 అన్నంత భారీ తేడా ఎక్కడా లేదు.

అదే తప్పు మన స్థాయిలో ఎలా వస్తుందంటే, "సీటీ తీసినవాళ్లు బాగా బతికారు", "వ్యాక్ డ్రెస్సింగ్ వేసినవాళ్లు బాగా బతికారు", "మూడో రోజు ట్యూబ్ ఫీడింగ్ మొదలైనవాళ్లు బాగా బతికారు". మూడో రోజు ఫీడింగ్ మొదలవ్వాలంటే మూడో రోజు దాకా బతికి ఉండాలి కదా. దీనికి మందు: ఒక గుర్తు సమయం పెట్టుకుని, ఆ సమయానికి బతికి ఉన్నవాళ్లనే రెండు గ్రూపులుగా చేసి, లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టడం. గ్రూపు కూడా ఆ గుర్తు సమయానికి ఉన్న స్థితిని బట్టే, తర్వాత జరిగినదాన్ని బట్టి కాదు.

క్రాష్-2లో కూడా దీని ఛాయ ఒకటి ఉంది. చావులు తగ్గినా రక్తం ఎక్కించుకున్నవాళ్ల శాతం రెండు గ్రూపుల్లో దాదాపు సమానమే, 50.4, 51.3. మందు పనిచేస్తే రక్తం అవసరం తగ్గాలి కదా అని అప్పట్లో చాలామంది అడిగారు. పోవాల్సినవాడు బతికితే వాడికి మరిన్ని సంచులు ఎక్కుతాయి. చనిపోయినవాడికి ఎక్కవు. ఎక్కించిన సంచుల సంఖ్యని ట్రామా థీసిస్‌లో ప్రధాన ఫలితంగా పెట్టుకోవద్దు అనేది అందుకే.

కొత్త పరికరం వచ్చిందంటే అది ఎంత సమయం తింటుందో అడగాలి. మహాధమనిలో బెలూన్ ఊది కింది వైపు రక్తస్రావం ఆపే రెబోవా పద్ధతి మీద బ్రిటన్‌లో 90 మందితో చేసిన ట్రయల్ 2023లో వచ్చింది. 90 రోజుల చావులు బెలూన్ గ్రూపులో 54 శాతం, మామూలు చికిత్సలో 42. ముందే ఆపేశారు. రక్తస్రావాన్ని ఆపే అసలు చికిత్స మొదలవడానికి బెలూన్ గ్రూపులో ఎక్కువ సమయం పట్టింది. తొడ ధమని వెతుక్కుంటూ పోయిన నిమిషాలు ఓటీ నిమిషాల్లోంచే పోతాయి.

పీజీ థీసిస్ ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్నది ముందే తేల్చుకుంటే చాలా నొప్పి తప్పుతుంది. చావులు 16.0 నుంచి 14.5కి తగ్గడాన్ని 80 శాతం పవర్‌తో (నిజంగా తేడా ఉంటే పదిలో ఎనిమిది సార్లు దొరికేలా) పట్టుకోవాలంటే ఒక్కో గ్రూపుకి సుమారు 9,000 మంది కావాలి. మనకి రెండేళ్లలో వచ్చేది వంద. ముప్పై మందికి ట్రానెక్సామిక్, ముప్పై మందికి లేదు, మరణాల్లో తేడా లేదు అని రాసి పుస్తకం కట్టించడం వల్ల ఎవరికీ ఏమీ ఒరగదు. పైగా పనిచేస్తుందని తేలిన మందుని ముప్పై మందికి ఆపడానికి ఏ ఎథిక్స్ కమిటీ అయినా ఎందుకు ఒప్పుకోవాలి? అదే వంద మందితో "దెబ్బ నుంచి మొదటి డోసు దాకా ఎంత సేపు, ఆ సేపు ఎక్కడ పోయింది" అని అడగండి. వందలో 50 మందికి మూడు గంటల్లోపు అందిందని తేలితే, అసలు నిష్పత్తి 40 నుంచి 60 శాతం మధ్య ఉంటుందని చెప్పొచ్చు. రెఫర్ చేసిన చోటే మొదటి డోసు పడినవాళ్లు ఎందరు, చీటీలో టైము రాసి పంపినవాళ్లు ఎందరు, గుమ్మం నుంచి కత్తి దాకా మధ్యస్థం ఎన్ని నిమిషాలు. ఆ అంకెతో సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లి క్యాజువాలిటీలోనే ఆంప్యూల్స్ ఉంచమని అడగొచ్చు. సగటు కాకుండా మధ్యస్థం ఎందుకంటే, రెండు రోజుల తర్వాత వచ్చిన ఒక్క కేసు సగటుని ఎక్కడికో లాగేస్తుంది.

మందో పద్ధతో కేటాయించి చేసే ట్రయల్ అయితే మొదటి పేషెంట్‌ని చేర్చకముందే సీటీఆర్‌ఐలో (మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు కావాలి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల కిందికి వచ్చే ట్రయల్ అయితే తీవ్రమైన దుష్ఫలితం ఏదొచ్చినా 24 గంటల్లో తెలపాలి. స్పృహ లేని పేషెంట్, పక్కన ఎవరూ లేరు అన్న పరిస్థితిలో ఏం చేస్తారో ప్రోటోకాల్‌లోనే రాసి కమిటీ చేత ఒప్పించుకోవాలి. రాత్రి రెండింటికి డ్యూటీ పీజీ నిర్ణయించే విషయం కాదది.

ఫలితం గడిలో మన దగ్గర ఒక పెద్ద గొయ్యి ఉంది: లామా. డాక్టర్ వద్దన్నా తీసుకెళ్లిపోయినవాళ్లు. "డిశ్చార్జ్" అనే ఖాతాలో వీళ్లని కలిపేస్తే బతికినవాళ్ల సంఖ్య ఉబ్బిపోతుంది. ఆశ లేదనుకుని తీసుకెళ్లినవాళ్లు కొందరు, డబ్బులైపోయి ప్రైవేటు నుంచి ప్రభుత్వాసుపత్రికి మారినవాళ్లు కొందరు, నాటు వైద్యానికి వెళ్లినవాళ్లు కొందరు. చేరిన రోజే రెండు ఫోన్ నంబర్లు తీసుకోండి, ఒకటి ఇంట్లోవాళ్లది, ఒకటి ఊళ్లో ఇంకెవరిదైనా. 30వ రోజు ఫోన్ చేస్తే కుట్ల దగ్గర చీము వచ్చిందా, మళ్లీ ఎక్కడైనా చేర్చారా, మనిషి ఉన్నాడా అన్నవన్నీ ఒక్క కాల్‌లో తేలతాయి. రెండు నంబర్లూ పలకనివాళ్లని "తెలీదు" అనే రాయండి.

ప్రొఫార్మా తయారయ్యాక నేరుగా మొదలుపెట్టకండి. పాత కేసు షీట్లు పది తీసి, ఇద్దరు విడివిడిగా ఒకరిది ఒకరు చూడకుండా నింపండి. దెబ్బ సమయం గడిలో ఇద్దరికీ 15 నిమిషాల కంటే ఎక్కువ తేడా వచ్చిన షీట్లు పక్కన పెట్టి, ఎవరు ఏ కాగితంలోంచి ఆ టైము తీశారో కూర్చుని పోల్చుకోండి. ఒకరు రెఫరల్ చీటీ నుంచి, ఇంకొకరు ఎంఎల్‌సీ నుంచి తీసి ఉంటారు. కాల్ లిస్ట్ ముందు, తర్వాత 108, తర్వాత చీటీ, చివరికి ఎంఎల్‌సీ అని వరుస ప్రొఫార్మా వెనక పేజీలో రాసిపెట్టి, ఇంకో పది షీట్లతో మళ్లీ చూడండి.